హెచ్-ఇండెక్స్ 52 ఉన్న గైడా, 17 ఉన్న గైడా? ఇమ్యునాలజీలో పబ్లికేషన్ లిస్టు చదివే పద్ధతి

మీరు అడిగింది ఇదీ. గుంటూరు వైపు నుంచి బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ, చేతిలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీకి ఇచ్చే ఫెలోషిప్) ఉంది, బెంగళూరులో రెండు ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) ల్యాబ్‌లు పీహెచ్‌డీకి రమ్మంటున్నాయి. పెద్దాయనకి గూగుల్ స్కాలర్‌లో 210 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 52. రెండో ఆవిడ ల్యాబ్ పెట్టి తొమ్మిదేళ్ళయింది, 31 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 17. ఇంట్లో నాన్నగారు, బాబాయిగారు అందరూ "52 ఎక్కడ, 17 ఎక్కడ" అంటున్నారు. పేర్లు రాయకుండా ప్రొఫైల్ వివరాలు మాత్రమే పెట్టారు, మంచి పని చేశారు. నేనూ పేర్ల జోలికి పోను.

నేను పద్దెనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నాను. యశ్వంతపూర్‌లో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ దిగిన రోజు నాకూ మీలాగే పేపర్ల సంఖ్య తప్ప ఇంకేమీ తెలియదు. ఆ తర్వాత పెద్ద ల్యాబ్‌లో పని చేశాను, చిన్న ల్యాబ్‌లో పని చేశాను, ఇప్పుడు అప్పుడప్పుడు సెలక్షన్ కమిటీలో కూర్చుని ఇతరుల లిస్టులు చదువుతున్నాను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు ఆ 52 సంగతి. 2005లో జోర్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ఈ లెక్క కనిపెట్టాడు. 52 అంటే, ఆయన పేపర్లలో 52 పేపర్లకి ఒక్కోదానికీ కనీసం 52 సైటేషన్లు (ఇతర పేపర్లు దాన్ని ప్రస్తావించడం) వచ్చాయని, అంతే. ఈ అంకె పెరగడమే కానీ తగ్గడం ఉండదు. మనిషి రిటైరై ఇంట్లో కూర్చున్నా పెరుగుతుంది, పోయాక కూడా పెరుగుతుంది. అందుకే హిర్షే ఇంకో మాట అన్నాడు: మొదటి పేపర్ వచ్చి ఎన్నేళ్ళయిందో దానితో భాగించి చూడమని. మీరిచ్చిన వివరాల ప్రకారం పెద్దాయనకి 32 ఏళ్ళు, ఆవిడకి 13. భాగిస్తే ఆయనకి 1.6, ఆవిడకి 1.3. మూడింతల తేడా ఎక్కడికి దిగిందో చూశారుగా. మీ బాబాయిగారు చూస్తున్న దాంట్లో సగానికి పైగా వయసే.

ఇప్పుడు ఆయన ప్రొఫైల్‌లో ఎక్కువ సైటేషన్లున్న మొదటి ఐదు పేపర్లు అని మీరు రాసినవి చూద్దాం. వాటిలో రెండేమో వందలాది మంది రచయితలున్న అంతర్జాతీయ కన్సార్టియం (చాలా ల్యాబ్‌లు కలిసి చేసే పని) పేపర్లు, ఒకటి రివ్యూ, ఒకటి 2020 నాటి కోవిడ్ పేపర్, ఐదోది మాత్రం సొంత ప్రయోగం. కన్సార్టియం పేపర్‌లో మన దేశం డేటా ఇచ్చినందుకు పేరు ఉంటుంది. తప్పేమీ లేదు, కానీ దాని వేల సైటేషన్లలో ఆయన ఆలోచన వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. రివ్యూ అంటే ఇతరుల పని గురించి చక్కగా రాసిన వ్యాసం. పరిచయ వాక్యానికి ఏదో ఒక రిఫరెన్స్ కావాలి కాబట్టి అందరూ రివ్యూనే పట్టుకుంటారు, అందుకే దానికి సైటేషన్లు విరగబడతాయి. ఇక కోవిడ్ ఏళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఊపులో లాన్సెట్ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టరే 2021కి 200 దాటింది. ఆ రెండేళ్ళలో ఇమ్యునాలజీలో ఏది రాసినా వంద సైటేషన్లు వచ్చి పడ్డాయి.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అన్నాను కాబట్టి ఒక్క మాట. అది పత్రిక సగటు: గత రెండేళ్ళలో అచ్చయిన వ్యాసాలకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లని ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. లైబ్రరీలకి ఏ పత్రిక తెప్పించుకోవాలో తెలియడానికి యూజీన్ గార్ఫీల్డ్ వాళ్ళు మొదలుపెట్టిన లెక్క. దాంతో మనుషుల్ని తూయొద్దని 2013లో డోరా అనే ప్రకటన వచ్చింది, ప్రపంచమంతా సంతకాలు పెట్టారు. మన కమిటీల్లో మాత్రం "ఐఎఫ్ ఎంతండీ" అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. నేనూ ఒకట్రెండుసార్లు అడిగాను, ఒప్పుకోవాలి.

ఇమ్యునాలజీలో ఈ లెక్క ఎంత ఘోరంగా తప్పుతుందో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన కథ కోళ్ళది. 1950ల మొదట్లో ఒహాయో స్టేట్‌లో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి, కోడి తోక దగ్గర ఉండే బర్సా అనే చిన్న సంచి దేనికి పనికొస్తుందా అని కోడిపిల్లల్లో దాన్ని కోసి తీసేశాడు. ఎదుగుదలలో తేడా ఏమీ కనబడలేదు. ఆ కోళ్ళు అలా పడి ఉన్నాయి. తిమోతీ చాంగ్ అనే ఇంకో విద్యార్థికి, సాల్మొనెల్లా ఎక్కిస్తే యాంటీబాడీ ఎలా తయారవుతుందో క్లాసులో చూపించడానికి కోళ్ళు కావాల్సి వచ్చింది. గ్లిక్ కోళ్ళు తీసుకెళ్ళాడు. క్లాసు ముందు పరువు పోయింది: కొన్ని చచ్చాయి, బతికిన వాటిలో యాంటీబాడీ లేదు. ఇద్దరూ కూర్చుని ఎందుకని ఆలోచించారు. బర్సా లేని కోడికి యాంటీబాడీ రాదు! సైన్స్ పత్రికకి పంపితే తిప్పి పంపారు. చివరికి 1956లో పౌల్ట్రీ సైన్స్ అనే కోళ్ళ పెంపకం పత్రికలో అచ్చయింది. ఇమ్యునాలజిస్టులు ఏళ్ళ తరబడి దాని వైపు చూడలేదు. 1965లో మాక్స్ కూపర్, రాబర్ట్ గుడ్ వాళ్ళు థైమస్ (ఛాతీలో ఉండే గ్రంథి) పని వేరు, బర్సా పని వేరు అని తేల్చాక గానీ దాని విలువ తెలియలేదు. ఇవాళ మీరు యాంటీబాడీ తయారుచేసే కణాన్ని బి-సెల్ అని రాసే ప్రతిసారీ ఆ బి అక్షరం కోడి బర్సాదే. ఇప్పటి మన ఏ ఇంటర్వ్యూ కమిటీకైనా గ్లిక్ లిస్టు పెడితే "కోళ్ళ జర్నలా?" అని నవ్వుతారు.

పాత కథ అనుకుంటే కొత్తదీ ఉంది. 2025 వైద్య నోబెల్ షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకి వచ్చింది కదా. సకగుచి 1995 పేపర్, సీడీ25 అనే ప్రోటీన్ ఉన్న టీ-సెల్స్ (థైమస్‌లో ఎదిగే రక్షణ కణాలు) ఒంటిని సొంత రోగనిరోధక శక్తి నుంచి కాపాడతాయన్నది, జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో వచ్చింది. ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇప్పుడు నాలుగుకి అటూ ఇటూ. పైగా అప్పట్లో "అణిచే టీ-సెల్" అన్న మాటే బూతు. 1970లలో, 1980ల మొదట్లో సప్రెసర్ సెల్స్ పేరుతో బోలెడు పేపర్లు వచ్చాయి, ఐ-జే అనే జన్యుభాగం వాటికి ఆధారం అన్నారు, తీరా డీఎన్‌ఏ చదివి చూస్తే అలాంటి జన్యువే అక్కడ లేదు. రంగం మొత్తం పరువు పోగొట్టుకుంది. ఆ పేపర్లకి ఒకప్పుడు సైటేషన్లకేం లోటు లేదు, గమనించండి. ఇక బ్రంకో ప్రొఫెసర్ కూడా కాదు. స్కర్ఫీ అనే జబ్బు ఎలుకలో చెడిపోయిన ఫాక్స్‌పీ3 జన్యువుని (ఆ కాపాడే టీ-సెల్స్‌కి కీలకమైనది) కంపెనీ ల్యాబ్‌లో పట్టుకున్నారు, 2001లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చింది. ఆ తర్వాత ఆవిడ దారి వేరు, నోబెల్ వచ్చేనాటికి సియాటిల్‌లో ఒక సంస్థలో ప్రోగ్రామ్ మేనేజర్.

మనవాళ్ళ వైపు చూసినా అంతే. చెన్నై చేట్‌పట్ క్షయ పరిశోధన కేంద్రం నుంచి 1959లో ఒక పేపర్ వచ్చింది, డబ్ల్యూహెచ్‌ఓ బులెటిన్‌లో. టీబీ రోగిని శానటోరియంలో పెట్టినా, ఇంట్లోనే ఉంచి మందులు సక్రమంగా ఇచ్చినా ఫలితం దాదాపు ఒకటే అని తేల్చారు. ప్రపంచమంతా శానటోరియంలు మూతపడటానికి దారి తీసిన పనుల్లో అది ముఖ్యమైనది. అదే ఊరి వాళ్ళు 1968లో చెంగల్పట్టులో మొదలుపెట్టిన బీసీజీ ట్రయల్ ఫలితం 1979లో వచ్చింది: పెద్దల ఊపిరితిత్తుల క్షయకి టీకా రక్షణ ఇవ్వడం లేదని. "పని చేయలేదు" అని చెప్పిన పేపర్. ఇవాళ కొత్త టీబీ టీకా మీద పని చేసేవాళ్ళెవరూ దాన్ని దాటి పోలేరు. ఇంపాక్ట్ అంటే నాకు ముందు గుర్తొచ్చేవి ఇలాంటివే.

సైటేషన్లు ఎక్కువుంటే గొప్ప ఆలోచన అనుకోవడం ఇంకో పొరపాటు. చరిత్రలో అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లున్న పేపర్ ఏ రోగానికీ మందు చెప్పలేదు. అది లోరీ 1951లో రాసిన, ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి. మూడు లక్షలు దాటాయి. మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు శాస్త్ర ప్రపంచంలో తరాల పాటు నిలబెట్టింది కూడా ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావ్ పద్ధతే, 1925ది. ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీలో చేయించిన పని నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ కీళ్ళవాతం వాళ్ళు వారానికోసారి వేసుకుంటున్నారు. ఆ మాత్ర వేసుకునేటప్పుడు ఎవరూ సైటేషన్ ఇవ్వరు కదా.

సరే, నా సొంత సంగతి చెప్తాను. మీకు నిజంగా పనికొచ్చేది ఇదే అనుకుంటున్నాను. ఏ ల్యాబో చెప్పను. నేను చేరినప్పుడు ఆ ల్యాబ్‌కి ఒక పేరున్న పేపర్ ఉండేది. ఇన్‌ఫెక్షన్ వచ్చిన ఎలుక ప్లీహంలో ఫలానా సైటోకైన్ (కణాలు వదిలే సంకేత ప్రోటీన్) చేసే టీ-సెల్స్ బాగా పెరుగుతాయని అందులో ఫిగర్ 3. నాకిచ్చిన పని దాని మీద తర్వాతి మెట్టు కట్టడం. మొదట ఫిగర్ 3 మళ్ళీ చేసి చూసుకుంటే తప్ప ముందుకి పోలేను. ఒకసారి వచ్చింది, రెండుసార్లు రాలేదు. నా చేతిలోనే లోపం అనుకుని పద్నాలుగు నెలలు గడిపాను.

జూనియర్లకి ఫ్లో సైటోమీటర్ (కణాల్ని ఒక్కొక్కటిగా కాంతితో పరీక్షించే యంత్రం) స్లాటు రాత్రిపూటే దొరికేది. ఆ గది ఎప్పుడూ చలి. అమ్మ ఇచ్చిన శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. తెర మీద ఒక్కో చుక్క ఒక్కో కణం. కుడివైపు పైమూలకి ఏటవాలుగా తోకలా ఒక చుక్కల గుంపు, అదే మా పేపర్‌లోని "పెరిగిన" కణాలు. పక్క ల్యాబ్ పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే పరిశోధకుడు) ఒకాయన అటుగా వచ్చి, తెర చూసి, "చచ్చిన కణాలు తీసేశావా?" అన్నాడు. పాత పద్ధతిలో చచ్చిన కణాల్ని పట్టిచ్చే రంగు వేయడమే లేదు. చచ్చిన కణం, కణాల్ని గుర్తుపట్టడానికి మేం వాడే ఏ యాంటీబాడీనైనా పీల్చుకుంటుంది, దానంతటదే కాస్త వెలుగుతుంది కూడా. మర్నాడు ఆ రంగు కలిపి చేశాను. చచ్చిన వాటిని గేటు (తెర మీద లెక్కలోకి తీసుకునే భాగం) బయటికి తోసేసరికి తోక మాయం. ఇన్‌ఫెక్షన్ ఉన్న ఎలుకలో ఎందుకు ఎక్కువ కనబడిందంటే, అక్కడ చచ్చే కణాలూ ఎక్కువే!

అప్పటికి ఆ పేపర్‌కి 140 సైటేషన్లు. ఇంతమంది ఎలా నమ్మారా అని ఒక వారం కూర్చుని ఆ 140 పేపర్లూ తెరిచి, మా పేపర్‌ని ప్రస్తావించిన వాక్యం ఒక్కటే చదివాను. తొంభై పైచిలుకు వాటిలో అది ఇంట్రడక్షన్ మొదటి పేరాలో, నాలుగైదు ఇతర రిఫరెన్సులతో కలిపి మూటగట్టి ఉంది. ముప్పై దాకా మా ల్యాబ్ వాళ్ళవే. మిగిలినవి దాదాపు అన్నీ రివ్యూలు. మళ్ళీ చేసి చూశాం, మాకూ అలాగే వచ్చింది అన్నది ఒక్కటీ లేదు. ఒక్క పేపర్‌లో మాత్రం, డిస్కషన్ చివర్లో, "మా పరిస్థితుల్లో ఆ పెరుగుదల కనబడలేదు" అని మర్యాదగా ఒక వాక్యం ఉంది. నేను చేరకముందే రెండేళ్ళుగా అది అక్కడే ఉంది. చేరేముందు ఒక ఆదివారం చదువుకుని ఉంటే నాకు పద్నాలుగు నెలలు మిగిలేవి. మా గైడ్ చెడ్డ మనిషేం కాదు, "ఇంకో క్లోన్ యాంటీబాడీతో చూడమ్మా" అన్నారు. ఆ తర్వాత నన్ను వేరే ప్రాజెక్టులో కలిపారు, అందులో నాది ఆరో పేరు. ఆ పాత పేపర్ ఇప్పటికీ సైట్ అవుతూనే ఉంది. ఇంపాక్ట్ లెక్కలో ఆయనకి కలుస్తూనే ఉంది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇదే పని, ఇద్దరి మీదా. ఒక్కొక్కరివి మూడు పేపర్లు తీసుకోండి: వాళ్ళ పేరు చివర ఉన్నవి (మామూలుగా ప్రయోగం చేసినవాళ్ళ పేరు ముందు, ల్యాబ్ నడిపేవాళ్ళ పేరు చివర వస్తుంది), కరస్పాండింగ్ రచయిత (పేపర్ గురించి అడిగితే జవాబు చెప్పాల్సినవాళ్ళు) వాళ్ళే అయినవి, సొంత ల్యాబ్‌లో ప్రయోగం జరిగినవి. కన్సార్టియం, రివ్యూ వదిలేయండి. "సైటెడ్ బై" నొక్కి, వాళ్ళ సొంత పేపర్లు, పాత శిష్యుల పేపర్లు పక్కన పెట్టి, మిగిలిన వాటిలో ఆ వాక్యం వెతకండి. మెథడ్స్‌లో "ఫలానా వారి ఎలుకని, ఫలానా వారి పద్ధతిని వాడాం" అని ఉంటే విలువైనది. రిజల్ట్స్‌లో "వారు చూపినట్టే మాకూ వచ్చింది" అని ఉంటే ఇంకా విలువైనది. ఇంట్రడక్షన్ మూటలో ఉంటే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆవిడ 2019 పేపర్‌కి 38 సైటేషన్లే అని మీరు దిగులుపడ్డారు, కానీ మీరే రాశారు: అందులో రెండు విదేశీ ల్యాబ్‌లు ఆవిడ పద్ధతిని తీసుకుని వేరే ఇన్‌ఫెక్షన్ మీద వాడాయని. కమిటీలో నేనుంటే ఆ రెండింటినీ ఆయన కోవిడ్ పేపర్ మొత్తం సైటేషన్ల కంటే పైన పెడతాను. పేపర్ డబ్బు కడితేనే తెరుచుకుంటోందంటే మీ యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద ప్రభుత్వ సంస్థలకి వేల పత్రికలు తెరిచే ఉన్నాయి.

పబ్‌పీర్ అనే, అచ్చయిన పేపర్ల లోపాల మీద కామెంట్లు రాసే సైటులో కూడా ఇద్దరి పేర్లూ కొట్టి చూడండి. 2016లో ఎలిజబెత్ బిక్ వాళ్ళు ఇరవై వేలకి పైగా పేపర్ల బొమ్మలు కళ్ళతో పరీక్షిస్తే దాదాపు 4 శాతంలో మళ్ళీ వాడిన, అనుమానించదగ్గ బొమ్మలు దొరికాయి. కామెంట్ ఉన్నంత మాత్రాన దొంగతనం అనుకోకండి. బ్లాటు (ప్రోటీన్ గీతల బొమ్మ) పొరపాటున రెండుసార్లు అతికించినవాళ్ళూ ఉంటారు. జవాబు ఇచ్చారా, అసలు బొమ్మ పెట్టారా అన్నది చూడాలి. దినపత్రికల్లో "ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్" అని ఏటా వచ్చే వార్తని మాత్రం చదివి సంతోషించి పక్కన పెట్టండి. ఆ జాబితా కూడా సైటేషన్ల లెక్కే.

ఆవిడ లిస్టులో 2020 నుంచి 2022 దాకా ఏమీ లేదని అడిగారు. ఎలుకలతో పని చేసే ల్యాబ్‌లో అది వింత కాదు. లాక్‌డౌన్‌లో చాలాచోట్ల యానిమల్ హౌస్‌లో కాలనీలు తగ్గించేశారు. మళ్ళీ కట్టుకోవడం ఎంత పనో చూడండి. రెండు జన్యువులు లేని ఎలుక కావాలంటే, ఒక జన్యువు లేనిదాన్ని ఇంకో జన్యువు లేనిదానితో కలపాలి. గర్భం మూడు వారాలే, కానీ పిల్లలు ఈడుకి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. వాటిలో వాటినే కలిపితే పుట్టేవాటిలో పదహారింట ఒకటి మీకు కావాల్సింది. ప్రయోగానికి ఆరు కావాలి, అన్నీ ఒకే వయసు, ఒకే లింగం. ఈలోపు కస్టమ్స్‌లో ఆగిన యాంటీబాడీ డ్రై ఐస్ కరిగిపోయి వస్తుంది. ఇలాంటి పనిలో నాలుగేళ్ళకో మంచి పేపర్ అంటే ఆ ల్యాబ్ బాగా నడుస్తున్నట్టే. ఏడాదికి పన్నెండు పేపర్లు వచ్చే ఎలుకల ల్యాబ్ చూస్తే నాకు ఆశ్చర్యం కంటే అనుమానం ముందొస్తుంది.

పెద్దాయన దగ్గర మంచి లేదని కాదు. డబ్బుంటుంది, సొంత సైటోమీటర్ ఉంటుంది, చేయి పట్టుకుని నేర్పే పోస్ట్‌డాక్‌లు ఉంటారు, ఆయన ఉత్తరం రాస్తే బయట తలుపులు తెరుచుకుంటాయి. చూడాల్సింది, గత ఎనిమిదేళ్ళలో ఆయన పేరు చివర ఉన్న పేపర్లలో మొదటి పేర్లు ఎవరివి. పీహెచ్‌డీ విద్యార్థులవా, లేక అన్నీ పోస్ట్‌డాక్‌లవేనా? పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైటులో ఆయన శిష్యుల థీసిస్‌లు దొరికితే, చివరి పేజీల్లో వాళ్ళ పేపర్ల జాబితా ఉంటుంది. మొదటి పేరుతో ఒక్కటీ లేకుండా బయటికొచ్చిన వాళ్ళు ఎంతమందో లెక్కపెట్టండి. ల్యాబ్ చూడటానికి వెళ్ళిన రోజు గైడ్‌తో కాదు, మూడో ఏడు విద్యార్థితో, టీ దగ్గర, విడిగా మాట్లాడండి. "ల్యాబ్ పాత పేపర్‌లో ఏదైనా ఫిగర్ మీరు మళ్ళీ చేశారా?" అని అడగండి. వెంటనే చెప్పాడా, అటూ ఇటూ చూశాడా, అక్కడే తెలుస్తుంది.

నాకు ఆవిడ వైపే మొగ్గుంది. అయితే ఒక సంగతి మీ పోస్టులో లేదు. జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్ళు ఇచ్చే నెలకి 37,000 మీ తిండికీ గదికీ సరిపోతుంది, ఆ ఫెలోషిప్ ఐదేళ్ళ దాకా మీ వెంటే వస్తుంది. ఎలుకలకీ యాంటీబాడీలకీ మాత్రం ల్యాబ్ గ్రాంటే దిక్కు. చిన్న ల్యాబ్‌లో మూడో ఏట గ్రాంటు అయిపోయి, పక్క ల్యాబ్ దగ్గర సీసా అడుక్కున్న పిల్లల్ని నేను చూశాను. ఆవిడ ప్రాజెక్టు ఏ సంవత్సరం దాకా ఉందో, కొత్తదానికి అప్లై చేశారో లేదో మొహమాటపడకుండా అడగండి. మంచి గైడ్ ఈ ప్రశ్నకి నొచ్చుకోదు. జవాబు ఇక్కడ రాయండి, అది తెలిశాకే ఆవిడ దగ్గర చేరమని గట్టిగా చెప్పగలను.